ఒకే ఎవీటా, ఇద్దరు నటీమణులు: ముందు ఎవరిని వినాలి?

మా హిందూపురం వైపు కురుక్షేత్రం నాటకం ఆడితే ఒక్క రాత్రిలో ఇద్దరో ముగ్గురో కృష్ణులు వస్తారు. పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు. పాత్ర ఒకటే, హార్మోనియం ఒకటే. తెల్లారి టీ అంగడి దగ్గర మాత్రం ఊరు రెండు జట్లయ్యేది. "ఒకటో కృష్ణుడి రాగం ముందు ఎవరు నిలుస్తారప్పా" అని ఒక జట్టు. "రాగం సరేలే, నిండు సభలో ఆ మాట విసిరినాడు చూడు రెండో కృష్ణుడు, అదీ ఆట" అని ఇంకో జట్టు. ఆ హార్మోనియం వెనక కూర్చున్నది మా నాయన. అందుకని ఆ తగువు మా ఇంట్లో ఇంకో రెండు రోజులు నడిచేది.

పోయిన నెల మా అక్క కూతురు వచ్చి, "పిన్నీ, ఎవీటా పాటలు నేర్చుకోవాలి. ఎలేన్ పేజ్‌ని వినమంటావా, ప్యాటీ లుపోన్‌ని వినమంటావా?" అని అడిగింది. నాకు వెంటనే ఆ టీ అంగడి గుర్తొచ్చింది. ఆ పిల్ల ఇక్కడే, బెంగళూరులో, ఉద్యోగం చేస్తూ వారానికి రెండు సాయంత్రాలు పాశ్చాత్య గానం నేర్చుకుంటోంది. దానిలాంటి తెలుగు పిల్లలు ఈ ఊళ్ళో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ళందరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఎవీటా ఇంగ్లీషులో వచ్చిన మ్యూజికల్, అంటే పాటల నాటకం. అందులో ఒకే కథానాయిక పాత్రను లండన్‌లో పేజ్, న్యూయార్క్‌లో లుపోన్ పాడిన రెండు రికార్డింగులనూ నేను చాలా ఏళ్ళుగా వింటున్నాను. వాళ్ళకీ, ఊరికే విని ఆనందించాలనుకునే వాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు కథ కాస్త

ఎవీటాలో వచనం దాదాపు లేదు. మొదటి నుంచి చివరిదాకా పాటే. సంగీతం ఆండ్రూ లాయిడ్ వెబర్, సాహిత్యం టిమ్ రైస్. అర్జెంటీనా అధ్యక్షుడు హువాన్ పెరోన్ భార్య ఎవా పెరోన్ జీవితం ఇది. ఎవా 1919లో ఒక పల్లెటూళ్ళో పుట్టింది. తండ్రికి వేరే సంసారం ఉంది. పదిహేనేళ్ళకే బ్వేనోస్ ఐరెస్ చేరి, రేడియో నటి అయింది. 1944లో పెరోన్‌ని కలిసింది, 1946లో అతను అధ్యక్షుడయ్యాడు, 1952 జులై 26న ముప్పై మూడేళ్ళకే క్యాన్సర్‌తో పోయింది. నాటకం ఆ రోజుతోనే మొదలవుతుంది. ఒక సినిమా హాల్లో ఆట నడుస్తుంటే బొమ్మ ఆపేసి, ఆమె చనిపోయిందని చెబుతారు. జనం గుండెలు బాదుకుంటారు. ఒక్కడు మాత్రం ఏడవడు. వాడి పేరు చే. ఆ తర్వాత కథంతా వాడే చెబుతాడు, అడుగడుగునా ఆమెను నిలదీస్తూ.

ఒక చిన్న విషయం చెవిలో వేసుకుని వినండి. ఎవా బాల్కనీ మీద నిలబడి పాడే ఆ పేరుమోసిన పాట, 'డోంట్ క్రై ఫర్ మీ అర్జెంటీనా', దాని వరుస మనం మొదట వినేది ఆమె నోట కాదు. ఆమె చనిపోయిన రోజున చే వెటకారంగా పాడే పాటలో వింటాం. అంటే ఎవా బాల్కనీ ఎక్కేసరికి ఆ స్వరాలకు అప్పటికే ఒక అనుమానం అంటుకుని ఉంటుంది. ఆ అనుమానాన్ని పాడే నటి ఏం చేస్తుంది? తుడిచేస్తుందా, ఉండనిస్తుందా? పేజ్‌కీ లుపోన్‌కీ ఉన్న తేడా అంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

మొదట ఇది 1976లో రికార్డుగానే వచ్చింది. అందులో ఎవాగా పాడింది జూలీ కవింగ్టన్. రంగస్థలం మీదికి 1978 జూన్ 21న లండన్‌లోని ప్రిన్స్ ఎడ్వర్డ్ థియేటర్‌లో వచ్చింది. దర్శకుడు హెరాల్డ్ ప్రిన్స్, ఎవాగా ఎలేన్ పేజ్. న్యూయార్క్‌లో 1979 సెప్టెంబర్ 25న మొదలైంది. దర్శకుడు ప్రిన్సే, ఎవా మాత్రం ప్యాటీ లుపోన్. పేజ్‌నే అమెరికా తీసుకెళ్ళాలన్న ఆలోచన ఉండేది గానీ, అక్కడి నటుల సంఘం ఆ పాత్ర అమెరికా నటికే దక్కాలని పట్టుబట్టింది. ఆ పట్టుదల వల్ల మనకు మేలే జరిగింది. ఒకే దర్శకుడు, దాదాపు ఒకే ఆట, రెండు వేర్వేరు గొంతులు. పోల్చి చూడడానికి ఇంతకన్నా అనువైన జంట అరుదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

గొంతు ఒక్కటే చూస్తే ఈ తగువు తెగదు. ఇద్దరివీ గొప్ప గొంతులే. నేను చూసేవి ఇవి.

ఒకటి, పై స్థాయి. ఎవా పాటలు చాలాచోట్ల ఛాతీ గొంతును సన్నబడనీయకుండా తారస్థాయికి తోసుకెళ్ళమంటాయి. నేర్చుకునే పిల్లలు దీన్ని బెల్టింగ్ అంటారు. మైకులు లేని రోజుల్లో మన నాటకాల వాళ్ళు ఎత్తు శ్రుతిలో ఊరి చివరిదాకా వినిపించేలా పద్యం ఎత్తుకునేవాళ్ళే, అలాంటి శ్రమ ఇది. దాన్ని ఎవరు ఎలా మోశారన్నది ముఖ్యం.

రెండు, మాట. పాటే కథ చెబుతున్నప్పుడు మాట తెగకపోతే కథ పోతుంది. ఇంగ్లీషు మన ఇంటి భాష కాదు కాబట్టి మనకు ఇది ఇంకా ముఖ్యం.

మూడు, వయసు. పదిహేనేళ్ళ పిల్ల ముప్పై మూడేళ్ళకు మంచాన పడేదాకా ఒకే గొంతులో నడవాలి.

నాలుగోది నాకు అన్నింటికన్నా పెద్దది. ఈ ఎవాను మనం నమ్ముతామా, చూసి భయపడతామా? జనం కళ్ళతో చూస్తే ఆమె తల్లి. చే కళ్ళతో చూస్తే జిత్తులమారి. నటి ఎటు మొగ్గితే నాటకం అటు మొగ్గుతుంది.

చివరిది, రికార్డింగు ఎంత పూర్తిగా ఉందన్నది. మనకు ఈ ఇద్దరూ దొరికేది ప్రధానంగా రికార్డింగుల్లోనే కదా.

| చూడాల్సింది | ఎలేన్ పేజ్, లండన్ 1978 | ప్యాటీ లుపోన్, న్యూయార్క్ 1979 |
|---|---|---|
| గొంతు తీరు | సూటిగా, బిగువుగా, వెలుగున్న గొంతు | వెడల్పైన, కంచులాంటి గొంతు, గరుకు దాచదు |
| మాట | ప్రతి అక్షరం తెగుతుంది | ఆవేశంలో మాట ఒక్కోసారి కరిగిపోతుంది |
| ఎవరి పక్షం | జనం చూసిన ఎవా | చే చూసిన ఎవా |
| ఎదురుగా చే | డేవిడ్ ఎసెక్స్ | మ్యాండీ పటిన్కిన్ |
| పెరోన్ | జాస్ ఆక్లండ్ | బాబ్ గంటన్ |
| రికార్డింగు | ఎంచిన పాటలతో ఒక్క ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) | దాదాపు ఆటంతా, రెండు ఎల్పీలు |
| ఆ పాత్రకు అవార్డు | లండన్ నాటకరంగ సంఘం వారిది (ఇప్పటి ఆలివియర్), 1978 | టోనీ (న్యూయార్క్ నాటకరంగ అవార్డు), 1980 |

ఈ పట్టిక చూసి నిర్ణయం తీసుకోకండి. అసలు సంగతి పాటల్లో ఉంది.

పాట పక్కన పాట

'బ్వేనోస్ ఐరెస్' పాటతో మొదలుపెడదాం. పల్లెటూరి పిల్ల మహానగరంలో దిగిన క్షణం అది. పేజ్ గొంతులో నిజంగా ఆ పిల్ల వినిపిస్తుంది. తాళం మీద చకచకా అడుగులేస్తూ, కళ్ళింత చేసుకుని, ఈ ఊరు నన్ను చూస్తే మురిసిపోతుందన్న ధీమాతో పాడుతుంది. మెజెస్టిక్ బస్టాండులో సంచీతో దిగి చుట్టూ చూసిన ఎవరికైనా ఆ గొంతు తెలిసినట్టే ఉంటుంది. నేను కూడా అలా దిగినదాన్నే. లుపోన్ పాడితే అదే పిల్ల ఆ ఊరి దగ్గర బాకీ వసూలుకు వచ్చినట్టుంటుంది. ఆకలి ముందు వినిపిస్తుంది, సంబరం తర్వాత. ఈ పాట వరకు నా మొగ్గు పేజ్ వైపే. అంత చిన్న వయసులోనే అంత కక్ష వినిపిస్తే, తర్వాత ఎదగడానికి చోటు తగ్గుతుందనిపిస్తుంది నాకు.

తర్వాత 'ఐడ్ బీ సర్‌ప్రైజింగ్లీ గుడ్ ఫర్ యూ'. భూకంప బాధితుల కోసం పెట్టిన సభలో ఎవా మొదటిసారి పెరోన్‌తో మాట కలుపుతుంది. ఇక్కడ అరుపు లేదు, పై స్థాయి లేదు. మెల్లగా, కింది గొంతులో నడిచే బేరం ఇది. పేజ్ దీన్ని పట్టులా పాడుతుంది. ఈ స్నేహం తన ఆలోచనే అని పెరోన్ నమ్మేసేటట్టు. లుపోన్ పాడితే లెక్క వినిపిస్తుంది. ఒక్కో మాట తూచి, ముందు పెట్టి, అతను దాన్ని అందుకుంటాడా అని ఆగి చూస్తుంది. గంటన్ కూడా తక్కువ తినలేదు, అతని లెక్క కూడా మనకు వినిపిస్తుంది. ఇద్దరు వ్యాపారస్తులు చేతులు కలిపిన చప్పుడది. ఇది ఎవరిది బాగుందని అడిగితే నేను ఈ రోజుకీ తేల్చుకోలేదు.

'ఎ న్యూ అర్జెంటీనా'కి వచ్చేసరికి సందేహం లేదు. మొదటి అంకం ముగింపు. వీధుల్లో కార్మికుల నినాదాలు, కాగడాలు. ఇంట్లో పెరోన్ జంకుతున్నాడు, ఇంక చాలు తప్పుకుందామంటున్నాడు. ఎవా అతన్ని లేపి, నిలబెట్టి, వీధిలోకి తోయాలి. వెబర్ ఇక్కడ ఆమె చేత పాడించే పై స్థాయి మామూలుది కాదు. పేజ్ ఆ స్వరాలను అందుకుంటుంది, చక్కగా, గురి తప్పకుండా. లుపోన్ వాటిని చీల్చుకుంటూ పోతుంది. ఆ గొంతులో గరుకు, చిరాకు, మొగుడి పిరికితనం మీద ఏవగింపు, గెలవకపోతే మళ్ళీ ఆ పల్లెకే పోవాలన్న భయం, అన్నీ ఒక్కసారిగా వస్తాయి. మాట కొన్నిచోట్ల తెగదు, నిజమే. పక్కన సాహిత్యం పెట్టుకుని వినాల్సి రావచ్చు. అయినా ఆ క్షణానికి మాటకన్నా ఊపిరి ఎక్కువ చెబుతుంది. 1980 టోనీ వేడుకలో లుపోన్ బృందం ప్రదర్శించింది ఈ పాటనే. దొరికితే తప్పక చూడండి. గొంతు ఎక్కడినుంచి వస్తోందో ఆమె ముఖం చూస్తే తెలుస్తుంది.

ఇక బాల్కనీ పాట. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎంపిక చాలామందికి దీన్ని బట్టే జరుగుతుంది కాబట్టి.

సందర్భం చూడండి. ఎన్నికలు గెలిచారు. తెల్లటి గౌనులో, నగలతో ఎవా అధ్యక్ష భవనం బాల్కనీ మీదికి వస్తుంది. కింద చొక్కాల్లేని పేదల సముద్రం. ఇన్ని నగలు వేసుకుని, నేను మీలో ఒకదాన్నే అని వాళ్ళను నమ్మించాలి. పేజ్ పొడుగు ఐదడుగులు కూడా లేదు. ఆ చిన్న మనిషి మాటలు వెతుక్కుంటున్నట్టు మొదలుపెడుతుంది. మొదటి వరసల్లో గొంతు దాదాపు మాట్లాడుతున్నట్టే ఉంటుంది. పల్లవి దగ్గరికి వచ్చాక కూడా ఒక్కసారిగా విప్పదు. కొంచెం దాచుకుంటుంది, ఆ దాచుకున్నది రెండోసారికి వదులుతుంది. అప్పటికి మనం కూడా ఆ మైదానంలో నిలబడి ఉంటాం. చే వెటకారం చేసిన ఆ వరుస ఇదేనని నాకు తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ నమ్ముతాను. నియంతలను జనం ఎలా నమ్ముతారని పిల్లలు అడిగితే నేను పుస్తకం ఇవ్వను, ఈ రికార్డింగు వినిపిస్తాను.

లుపోన్ కూడా ఈ పాట అద్భుతంగా పాడింది. కాకపోతే ఆమె పాడుతుంటే జనాన్ని కొలుస్తున్న కన్ను వినిపిస్తుంది. ఎక్కడ ఆగితే ఎంతమంది ఏడుస్తారో ఆమెకు తెలుసని మనకు తెలుస్తుంది. అందువల్ల పాటలో మనం కరగం. కానీ పాట ముగిశాక ఎవా లోపలికి తిరిగి, ఆ జనఘోష వినండి అని పెద్దమనుషుల ముఖాన కొట్టే ఘట్టం ఉంది. అక్కడ లుపోన్ గొంతు ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. రెండు నిమిషాల ముందటి మెత్తదనం అంతా ఎక్కడిదో అప్పుడు తెలిసిపోతుంది. పాట మట్టుకే అయితే పేజ్‌ది. దృశ్యం మొత్తం అయితే లుపోన్‌ది.

'రెయిన్‌బో హై' సంగతి క్లుప్తంగా. 1947లో యూరప్ పర్యటనకు ఎవాను సింగారించే సన్నివేశం, మాటలు వడివడిగా పడతాయి. పేజ్ పాడితే ప్రతి మాటా విడిగా మెరుస్తుంది. లుపోన్ పాడితే ఆ సింగారింపు మనుషులు వణుకుతున్నట్టుంటుంది. ఈ పాట గురించి మా పిల్ల కథ కింద చెబుతాను.

చివరి భాగంలో మాత్రం పోటీ సమానం కాదు. అది పేజ్ లోపం కాదు. ఒక్క ఎల్పీకి కుదించిన రికార్డింగులో కథకు ఊపిరాడదు, అంతే. రెండు ఎల్పీల న్యూయార్క్ రికార్డింగులో రోగం ముదిరిన ఎవా, పెరోన్‌తో పడకగదిలో తగువుపడే ఘట్టం పూర్తిగా ఉంది. తను ఉపాధ్యక్షురాలు కావాలంటుంది. నీ ఒళ్ళు నీకు సహకరించడంలేదని అతను చెబుతాడు. అంతసేపూ మనం విన్న ఆ కంచు గొంతులో అప్పుడు పగుళ్ళు వినిపిస్తాయి. లుపోన్ ఆ గొంతును ముందే అంత గరుకుగా ఎందుకు పెట్టుకుందో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది. ఎత్తు ఎంతో తెలిస్తేనే కూలడం వినిపిస్తుంది.

మా నాయన విన్నప్పుడు

సంక్రాంతి తర్వాత నాయన మా ఇంట్లో పదిరోజులు ఉన్నాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. బాల్కనీ పాట ఇద్దరిదీ వినిపించి, కథ నాలుగు మాటల్లో చెప్పాను. పేజ్‌ది విన్నాక "ఈమె బాగా పాడుతోందమ్మా, ఇంకోసారి పెట్టు" అన్నాడు. నాటకాల మనిషి కదా, ఆయన భాషలో అది వన్స్‌మోర్. లుపోన్‌ది విన్నాక వన్స్‌మోర్ అడగలేదు. "ఈమె ఆడుతోంది" అన్నాడు.

మన నాటకంలో ఇది పాత చర్చే. పద్యానికి రాగం ఎంత తీయాలి, రాగం కోసం నటన ఆగిపోవాలా అని మన పెద్దలు వాదించుకున్నారు. బళ్ళారి రాఘవ లాంటి మహానటుడు రాగం నటనను మింగకూడదన్న పట్టుదలతో బతికాడు. ఆయన మాట సరైందని ఒప్పుకుంటూనే, మంచి రాగం తీస్తే వన్స్‌మోర్ కొట్టకుండా ఉండలేకపోయిన ఊళ్ళు మనవి. రెండు ఆకలులూ మనలో ఉన్నాయి. అందుకే ఈ ఇద్దరు నటీమణులను విడదీసి ఒకరిని వదులుకోమంటే నాకు మనసొప్పదు. ఎవరు ముందు అన్నంతవరకే చెప్పగలను.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

మ్యూజికల్ అనేదే ఎప్పుడూ వినని వాళ్ళు పేజ్‌తో మొదలుపెట్టండి. ఒక్క కూర్చుడులో అయిపోతుంది, మాట తెలుస్తుంది, పాటలు మనసుకు పడతాయి. నచ్చితే వారం తర్వాత లుపోన్ దగ్గరికి రండి. ముందే రెండు ఎల్పీల కథ ఎత్తుకుంటే సగంలో ఆపేసే ప్రమాదం ఉంది.

కథ కోసం, రాజకీయం కోసం వినేవాళ్ళకు మొదటినుంచే న్యూయార్క్ రికార్డింగు. ఇక్కడ చే పాత్ర ముఖ్యం. పటిన్కిన్ చే నిప్పులా ఉంటాడు, ఎవాకు సరిజోడు. అతనికీ 1980లో టోనీ వచ్చింది. లండన్‌లో డేవిడ్ ఎసెక్స్ పాప్ గాయకుడిగా పేరున్నవాడు. అతని చేలో ఒక చల్లటి చనువు ఉంటుంది, అదొక రుచి. కానీ నిలదీత కావాలంటే పటిన్కిన్‌నే వినండి.

నాటకాల్లో నటించేవాళ్ళు, ఇంగ్లీషైనా తెలుగైనా కన్నడమైనా, లుపోన్‌ని వినాలి. ఆమె జూలియర్డ్ నాటకశాల మొదటి బ్యాచ్ విద్యార్థిని. ఆ తర్వాత నాలుగేళ్ళు దేశమంతా తిరిగే నాటక సమాజంలో రకరకాల పాత్రలు వేసి ఎవా దగ్గరికి వచ్చింది. ప్రతి వరస వెనకా ఈ మనిషికి ఇప్పుడు ఏం కావాలి అన్న ప్రశ్న వినిపిస్తుంది. పేజ్ దారి వేరు. హెయిర్, గ్రీస్ లాంటి మ్యూజికల్స్‌లో పాడుతూ పదేళ్ళు కష్టపడి పైకి వచ్చింది. పాటలో కథను ఎలా మోయాలో ఆమెకు ఒంట్లోనే ఉంది.

పాడడం నేర్చుకునే పిల్లలకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. పేజ్‌ని వినండి, పేజ్‌తో సాధన చేయండి. లుపోన్‌ని ఆనందించండి, అనుకరించకండి.

కారణం ఉంది. మా అక్క కూతురు నా సలహా కోసం ఆగలేదు. వారం రోజులు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కారు అద్దాలు ఎత్తుకుని లుపోన్‌తో పాటు 'రెయిన్‌బో హై' పాడింది. ఆ గరుకు కావాలని గొంతును నొక్కి పాడింది. ఎనిమిదో రోజుకి గొంతు పోయింది. డాక్టరు పది రోజులు మాట్లాడొద్దన్నాడు. ఆఫీసులో మీటింగులన్నీ రాసి చూపించి నెట్టుకొచ్చింది. ఆ పది రోజులూ దాని ముఖం చూస్తే నా కడుపు తరుక్కుపోయింది.

లుపోన్‌కే ఆ పాత్ర తేలిగ్గా లేదు. ఆ ఆట ఆడిన రోజులు నరకంలా గడిచాయని, పాత్రంతా అరుచుకుంటూ నెట్టుకొచ్చానని ఆమె తర్వాత బాహాటంగా చెప్పింది. న్యూయార్క్‌లో వారానికి ఎనిమిది ఆటలుంటే, రెండు మధ్యాహ్నపు ఆటలకు టెరీ క్లాస్నర్ అనే మరో నటి ఎవాగా పాడేది. రోజుకు రెండుసార్లు ఒకే గొంతు మీద ఆ భారం వేయకూడదని నిర్వాహకులకే తెలిసిందన్నమాట. అంత శిక్షణ ఉన్న గొంతే అంత అవస్థ పడితే, రెండేళ్ళు నేర్చుకున్న గొంతు సంగతి చెప్పాలా? పేజ్ రికార్డింగులో గొంతు ఎక్కడ పెట్టాలి, మాట ఎక్కడ తెంచాలి, శక్తి ఎక్కడ దాచుకోవాలి అన్నది స్పష్టంగా వినిపిస్తుంది. గురువు ముందు కూర్చుని నోట్సు రాసుకోవడానికి అది అనువు.

1996 సినిమాలో మడోన్నా సంగతేమిటని కొందరు అడుగుతారు. సినిమా కోసం కొన్ని పాటల శ్రుతి తగ్గించారు. కింది శ్రుతిలో పాడే అమ్మాయిలకు అది వినడం ఉపయోగమే. కానీ రంగస్థలం మీద ఆ పాత్ర ఎంత అడుగుతుందో తెలియాలంటే ఈ ఇద్దరి దగ్గరికే రావాలి.

అరగంటే ఉంటే

ఒక ఆదివారం పొద్దున అరగంట తీరిక దొరికితే ఇలా వినండి. 'బ్వేనోస్ ఐరెస్' పేజ్‌ది. వెంటనే 'ఎ న్యూ అర్జెంటీనా' లుపోన్‌ది. తర్వాత బాల్కనీ పాట ఇద్దరిదీ, ముందు పేజ్, వెనక లుపోన్. ఈ వరుస మార్చకండి. లుపోన్‌ది ముందు వింటే ఎవా మీద అనుమానం ముందే వచ్చేస్తుంది, పేజ్ మనల్ని నమ్మించే అవకాశం పోతుంది. చివర్లో పడకగది ఘట్టం లుపోన్‌ది. హెడ్‌ఫోన్లు పెట్టుకునే వినండి. ఫోను స్పీకరులో ఆ పగుళ్ళు వినిపించవు.

మా పిల్ల గొంతు నయమయ్యాక 'రెయిన్‌బో హై' పక్కన పెట్టింది. గురువుగారి సలహాతో 'బ్వేనోస్ ఐరెస్' ఒక స్వరం కిందికి దించుకుని, పేజ్‌ని వింటూ సాధన చేస్తోంది. నాయన వెళ్ళే ముందు రోజు రాత్రి నేను ఆ పడకగది ఘట్టం పెట్టాను, కథ చెప్పకుండానే. అయిపోయాక ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "ఆమె బతకదు కదమ్మా?"